ఫుడ్ బ్యాంక్‌లో ఎవరి నిర్ణయం ఎవరిది

దానంగా వచ్చిన ఆహారాన్ని అవసరమున్న కుటుంబాలకు పంచే ఫుడ్ బ్యాంక్ ఎలా నడుస్తోందని అడిగితే వచ్చే జవాబులన్నీ సరుకు చుట్టూనే తిరుగుతాయి. ఎన్ని టన్నులు వచ్చాయి, ఎన్ని కుటుంబాలకు చేరాయి, గోదాములో ఎంత మిగిలింది. ఆ లెక్కలు కావలసినవే. కానీ గోదాము నిండా సరుకు పెట్టుకుని కూడా వారానికి ఒక పూట తలుపులు తీయలేని సంస్థలు ఉంటాయి. అరకొర సరుకుతోనే ఏళ్ల తరబడి చెప్పిన రోజున, చెప్పిన వేళకు పంచేవీ ఉంటాయి. ఈ తేడాకు మూలం అక్కడ పనిచేసే మనుషుల మధ్య ఉన్న ఏర్పాటు. సరుకు చేతులు మారే ప్రతిచోటా ఎవరో ఒకరు ఔననో కాదనో చెప్పాల్సి వస్తుంది. ఆ మాట చెప్పే హక్కు ఎవరిదో ముందే తేల్చి పెట్టుకున్న సంస్థ నిలబడుతుంది. తేల్చుకోనిది రోజూ తగువులతో, అలసటతో కుంటుతుంది.

ఫుడ్ బ్యాంక్ పద్ధతికి ఆద్యుడుగా చెప్పుకునే జాన్ వాన్ హెంగెల్ కూడా మొదట వాలంటీరే. అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో ఒక ఉచిత భోజనశాలలో సాయం చేస్తూ, దుకాణాలు పారేసే తినదగిన సరుకును ఒకచోట చేర్చి పంచే ఆలోచనను 1967లో ఆచరణలో పెట్టాడు. స్థానిక చర్చి ఒక పాత భవనాన్ని, 3,000 డాలర్లను ఇచ్చింది. అలా పుట్టిన సెయింట్ మేరీస్ ఫుడ్ బ్యాంక్ మొదటి ఏడాదిలోనే 2,75,000 పౌండ్లు, అంటే సుమారు 125 టన్నుల ఆహారాన్ని పంచింది. యూరప్‌లో మొదటిది 1984లో పారిస్‌లో మొదలైంది. ఇప్పుడు పేరు ఒకటే అయినా పని రెండు రకాలు. అమెరికాలో ఫుడ్ బ్యాంక్ అంటే ఎక్కువగా పెద్ద గోదాము. అది చిన్న పంపిణీ కేంద్రాలకు సరుకు పంపుతుంది. బ్రిటన్‌లో అదే మాటకు అర్థం, మనుషులు నేరుగా వచ్చి సంచి తీసుకెళ్లే చోటు. ఈ వ్యాసం రెండో రకం గురించి. పది మంది నుంచి వంద మంది దాకా మనుషులతో, ఒకటో రెండో జీతం ఉద్యోగాలతో నడిచే స్థానిక సంస్థ గురించి.

బండి దగ్గర మొదలయ్యే వడపోత

డ్రైవర్ అనగానే సరుకు మోసుకొచ్చే మనిషి అనుకుంటారు. నిజానికి ఫుడ్ బ్యాంక్‌లో మొదటి నాణ్యతా తనిఖీ ఆయనదే. దుకాణం వెనుక గేటు దగ్గర ఇచ్చిందల్లా ఎక్కించుకుని వస్తే, అందులో కుళ్లినదాన్ని ఏరి, చెత్తకు పంపే ఖర్చు సంస్థ మీద పడుతుంది. దాతకు చెత్త వదిలించుకునే ఖర్చు తప్పింది, దానం చేసిన పేరూ వచ్చింది. డ్రైవర్ అక్కడికక్కడ "ఇది తీసుకోలేం" అని చెప్పగలగాలి. ఆ మాట అన్నందుకు దుకాణం మేనేజర్ సంస్థకు ఫోన్ చేసి ఫిర్యాదు చేస్తే, సంస్థ రోజువారీ పనులు చూసుకునే సమన్వయకర్త డ్రైవర్ పక్షాన నిలబడాలి. ఒక్కసారి వెనక్కి తగ్గితే ఆ డ్రైవర్ ఇక ఏదీ కాదనడు.

ఆయన చూడాల్సిన రెండో సంగతి బరువు. సరుకుతో కలిపి 3.5 టన్నులు మించకూడని వ్యానులో బండి సొంత బరువు పోను సరుకుకు మిగిలేది ఉజ్జాయింపుగా టన్ను నుంచి 1.4 టన్నుల వరకే. చల్లదనం యంత్రం బిగిస్తే ఇంకా తగ్గుతుంది. డబ్బాల సరుకు పేర్చిన ఒక పాలెట్టే (సరుకు పేర్చే చెక్క బల్ల) దాదాపు టన్ను తూగవచ్చు. కాబట్టి వెనుక సగం ఖాళీ కనిపిస్తున్నా బండి అప్పటికే నిండినట్టే. "ఇంకొకటి పడుతుంది" అని పక్కవాళ్లు అనడం, మొహమాటానికి డ్రైవర్ ఊరుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. బ్రేకు పట్టే దూరం పెరుగుతుంది. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట చూసేదీ ఈ బరువునే.

చల్లని సరుకును దారిలో చివరగా ఎక్కించుకోవాలి, గోదాములో మొదట దించాలి. పాడయ్యే ఆహారం గది వేడిలో రెండు గంటలకు మించి ఉండకూడదు. బయట 32 డిగ్రీలు దాటితే గంటే గడువు. ఏ దుకాణంలో ఎన్ని గంటలకు ఎక్కించారో, ఆ క్షణంలో సరుకు వేడి ఎంతో కాగితం మీద రాస్తేనే గోదాములో ఉన్నవాళ్లు నిర్ణయం తీసుకోగలరు. ఆ కాగితం లేకుండా వచ్చిన పాలు, మాంసం ఎంత తాజాగా కనిపించినా పంచడానికి పనికిరానివే.

ఏరే బల్ల

బయటివాళ్లు తక్కువగా చూసే పని ఇదే. అసలు నేర్పు కావలసిందీ దీనికే. వచ్చిన ప్రతి క్రేటునూ ముందు తూకం వేస్తారు. క్రేటు బరువు తీసేసి, ఎక్కడినుంచి వచ్చిందో రాసి, అప్పుడు బల్ల మీద గుమ్మరిస్తారు. తూకం ముందే వేయాలి. ఏరాక వేస్తే ఏ దాత నుంచి ఎంత పనికిరానిది వస్తోందో ఎప్పటికీ తెలియదు. వచ్చిన బరువు, పారేసిన బరువు రెండూ ఉంటేనే ఆ దాతతో లెక్క చూపి మాట్లాడగలరు.

బల్ల దగ్గర ప్రతి వస్తువుకూ నాలుగు ప్రశ్నలు. తేదీ ఏమిటి? ప్యాకింగ్ బాగుందా? లేబుల్ చదవడానికి వీలుగా ఉందా? ఏ గంపలోకి వెళ్లాలి? కొత్తగా వచ్చినవాళ్లు తడబడేది మొదటి రెండింటి దగ్గర.

తేదీల్లో "యూజ్ బై" వేరు, "బెస్ట్ బిఫోర్" వేరు. మొదటిది భద్రతకు సంబంధించినది. ఆ రోజు దాటితే చూడ్డానికి, వాసనకు ఎంత బాగున్నా పారేయాల్సిందే. రెండోది నాణ్యతకు సంబంధించినది. ఆ రోజు దాటిన బియ్యమో డబ్బా కూరగాయలో కొంచెం రుచి తగ్గవచ్చు గానీ మనిషికి హాని చేయవు. వీటిని తేదీ దాటాక ఎంతకాలం పంచవచ్చో చట్టం ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. దానికి లోబడి సంస్థ తన పట్టికను తయారుచేసుకుని బల్ల ఎదురుగా గోడకు అతికించాలి. పసిపిల్లల పాలపొడికి మాత్రం మినహాయింపు లేదు. తేదీ ఒక్కరోజు దాటినా తీసేయాలి. పట్టిక గోడ మీద లేకపోతే ఏమవుతుందంటే, ఒకే బల్లకు రెండు వైపులా నిలబడిన ఇద్దరిలో ఒకరు పంచదగినవి పారేస్తుంటారు, ఇంకొకరు పారేయాల్సినవి గంపలో వేస్తుంటారు. ఇద్దరిదీ మంచి ఉద్దేశమే.

రేకు డబ్బాను చూడటం చేతితో నేర్చుకోవాల్సిన విద్య. డబ్బా ఒంటి మీద చిన్న సొట్ట ఉంటే ఫర్వాలేదు. సొట్ట పై అంచు మీదనో, కింది అంచు మీదనో, నిలువు అతుకు మీదనో ఉంటే తీసేయాలి, ఎందుకంటే అక్కడ కంటికి కనిపించని చీలిక ఏర్పడి గాలి లోపలికి పోవచ్చు. మూత మధ్యలో బొటనవేలితో నొక్కితే లోపలికి పోయి టక్కున పైకి లేస్తే ఆ డబ్బా వద్దు. ఉబ్బిన డబ్బాను అసలు తెరవకూడదు. బొటులిజం అనే ప్రాణాంతక విషప్రభావాన్ని తెచ్చే క్రిములు గాలి లేని చోటే పెరుగుతాయి, ఆ విషానికి రంగూ రుచీ ఉండకపోవచ్చు. తుడిస్తే పోయే తుప్పు పైపైదే, వేలు తగిలినా పోని తుప్పు లోపలికి దిగినట్టు. ఇంట్లో తయారుచేసి సీసాల్లో పెట్టిన పచ్చళ్లు, జామ్‌లు ఎంత ప్రేమగా ఇచ్చినా తీసుకోకూడదు. వాటిని ఎలా వండారో, ఎంత వేడిచేశారో చెప్పే దారి లేదు.

లేబుల్ సంగతి మర్చిపోయేవాళ్లు ఎక్కువ. పాతిక కిలోల మూట వస్తే చిన్న సంచుల్లోకి మార్చాలనిపించడం సహజం. మార్చిన క్షణం నుంచి ఆ పదార్థంలో వేరుశనగ ఉందా, గోధుమ ఉందా, పాలు ఉన్నాయా అన్న సమాచారం పోయినట్టే. ప్రతి చిన్న సంచి మీద పదార్థం పేరు, అలర్జీ కలిగించేవి, తేదీ, బ్యాచ్ నంబరు తిరిగి రాయగలిగితేనే ఆ పని పెట్టుకోవాలి. తయారీదారు ఒక బ్యాచ్‌ను వెనక్కి పిలిస్తే అది ఏ సంచుల్లోకి వెళ్లిందో అప్పుడే కనుక్కోవచ్చు.

ఏరినవాటి మీద నెల, సంవత్సరం లావు మార్కరుతో పెద్దగా రాస్తారు. అరల్లో ముందు తేదీ ముందుకు, వెనక తేదీ వెనక్కి. ముందు వచ్చింది ముందు పంపడం ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే దానంగా నిన్న వచ్చినదానికి నిరుడు వచ్చినదానికంటే దగ్గర తేదీ ఉండవచ్చు. అరలు నేల నుంచి 15 సెంటీమీటర్లు, గోడ నుంచి 45 సెంటీమీటర్లు ఎడంగా ఉంటే ఎలుకల జాడ తెలుస్తుంది, చీపురూ తిరుగుతుంది. స్థలం చాలక ఆ ఎడాన్ని మొదట మింగేస్తారు, ఎలుకలు దాన్నే వాడుకుంటాయి.

ఫ్రిజ్ 5 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువ, ఫ్రీజర్ మైనస్ 18. రోజుకు రెండుసార్లు చూసి రాయాలి. కరెంటు పోతే మూత తీయని నిండు ఫ్రీజర్ సుమారు 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చల్లదనాన్ని నిలుపుకుంటుంది. ఫ్రిజ్‌కు నాలుగు గంటలే. సోమవారం పొద్దున వచ్చి చూసేసరికి సగం కరిగిన సరుకు కనిపిస్తే, పారేద్దామని చెప్పే హక్కు ఆ పూట గోదాము తాళం తీసిన మనిషికే ఉండాలి. సమన్వయకర్త ఫోన్ ఎత్తేదాకా ఆగుదామనుకుంటే ఆలోగా ఎవరో ఒకరు మళ్లీ గడ్డకట్టించేస్తారు.

పంచే పూట

రెండు గంటల పంపిణీకి కనీసం ఎనిమిది మంది కావాలి. తలుపు దగ్గర పలకరించే ఒకరు, కూర్చుని వివరాలు రాసే ఇద్దరు, జాబితా చూసి సంచులు నింపే ముగ్గురు, బయటిదాకా మోసిపెట్టే ఒకరు, మొత్తం చూసుకునే బాధ్యుడు ఒకరు. ఈ బాధ్యుడు చేతిలో ఏ పనీ పెట్టుకోకూడదు. సంచులు నింపడంలో మునిగిపోతే తలుపు దగ్గర పెరుగుతున్న గొంతు వినిపించదు.

బ్రిటన్‌లోని చాలా కేంద్రాల్లో డాక్టరో, సలహా కేంద్రమో, బడో ఇచ్చిన చీటీ చూసి సంచి ఇస్తారు. చీటీ వల్ల ఒక మేలుంది. అవసరం ఉందా లేదా అని తేల్చే పని వాలంటీర్ నెత్తిన పడదు. చీటీ లేకుండా వచ్చినవారిని ఏంచేయాలన్నది మాత్రం తప్పకుండా ఎదురయ్యే సమస్య. అత్యవసరంగా ఒకరోజు సరిపడా సంచి ఇచ్చి, చీటీ ఇచ్చే చోటికి అక్కడినుంచే ఫోన్ కలిపి ఇవ్వడం మంచి పద్ధతి. ఆ నిర్ణయం పూట బాధ్యుడిదే. రాసే బల్ల దగ్గర కూర్చున్నవారిది కాకూడదు. లేకపోతే ఎదుటి మనిషి బట్టలు, చేతిలో ఫోను, మాటతీరు చూసి తీర్పు చెప్పే అలవాటు మెల్లగా మొదలవుతుంది. వాలంటీర్ల శిక్షణలో గట్టిగా పట్టుబట్టాల్సిన విషయం ఇది. మంచి ఫోను ఉన్న మనిషికి ఆకలి ఉండదని ఎవరూ నిరూపించలేదు. ఆ ఫోనే ఉద్యోగానికి దారి కావచ్చు.

బల్ల దగ్గర అడగాల్సిన ప్రశ్నలు కొన్నే. ఇంట్లో ఎంతమంది? పసిపిల్లలున్నారా? తినకూడనివి ఏమైనా ఉన్నాయా? వండుకోవడానికి ఏముంది? పొయ్యి లేదని, గ్యాస్ అయిపోయిందని ఎవరూ తమంతట తాము చెప్పరు. అడిగితేనే తెలుస్తుంది. అడగకపోతే బియ్యం, పప్పు మోసుకెళ్లి అలాగే ఉంచుకుంటారు. వేడినీళ్లు మాత్రమే ఉన్నవారికి ఒకటి, ఏమీ లేనివారికి ఒకటి చొప్పున రెండు రకాల సంచులు వేరే జాబితాతో సిద్ధంగా ఉండాలి.

సంచి బరువు గురించి ఎవరూ ఆలోచించరు. మూడు రోజులు, నలుగురు మనుషులు, రోజుకు మూడు పూటలు అంటే 36 పూటల భోజనం. అమెరికా ఫుడ్ బ్యాంకులు 1.2 పౌండ్లను, అంటే సుమారు 540 గ్రాములను ఒక పూటగా లెక్కేస్తాయి. ఆ లెక్కన దాదాపు 20 కిలోలు. చంకలో బిడ్డతో బస్సెక్కాల్సిన తల్లి దాన్ని ఎలా మోస్తుంది? ఎలా వెళ్తారని ముందే అడిగి, రెండు విడతలుగా ఇవ్వడమో, బరువైన డబ్బాల బదులు పొడి సరుకు ఇవ్వడమో, ఇంటికి చేర్చడమో చేయాలి. చాలా చోట్ల తలుపు బయట మెట్ల మీద డబ్బాలు వదిలేసి వెళ్లడానికి కారణం బరువే. వాలంటీర్లు దాన్ని కృతజ్ఞత లేకపోవడంగా తీసుకుని నొచ్చుకుంటారు.

పూట ముగిశాక పావుగంట అందరూ కూర్చోవడం తప్పనిసరి చేయాలి. విన్న కథలు ఇంటికి మోసుకెళ్తే మనిషి మూడు నెలల్లో మానేస్తాడు. ఆ పావుగంటలో వచ్చినవారి పేర్లు చెప్పకుండా ఏం కష్టమనిపించిందో మాట్లాడుకోవాలి. చిన్న ఊళ్లో వచ్చిన మనిషి వాలంటీర్‌కు పొరుగువాడే కావచ్చు. అలాంటప్పుడు ఆ వాలంటీర్ లేచి ఇంకొకరిని కూర్చోబెట్టాలి, రోడ్డు మీద కనిపిస్తే తానుగా పలకరించకూడదు.

ఇంకొకటి, చాలామంది మాట్లాడటానికి ఇబ్బందిపడేది. అక్కడ పనిచేసేవారు సరుకు ఇంటికి తీసుకెళ్లవచ్చా? ఈ రోజే తేదీ అయిపోతున్న రొట్టె మిగిలితే తీసుకెళ్లడంలో తప్పేముందనిపిస్తుంది. కానీ నియమం రాసి లేకపోతే రేపు అది రొట్టె దగ్గర ఆగదు. ఆగినా అనుమానం ఆగదు. మిగిలినదాన్ని మొదట వేరే సంస్థకు, ఆ తర్వాత సరుకు కోసం వచ్చినవారికి, ఆఖరున బాధ్యుడు పుస్తకంలో రాసి వాలంటీర్లకు ఇవ్వడం ఒక పద్ధతి. వాలంటీర్‌కే నిజంగా అవసరం ఉంటే, అందరిలాగే చీటీతో, వీలైతే వేరే కేంద్రం నుంచి తీసుకునే దారి ఉండాలి. అది చెప్పుకోవడానికి సిగ్గుపడని వాతావరణం కల్పించడం పెద్దల పని.

ఎంతమంది కావాలి

వారానికి రెండు పంపిణీలకు ఎనిమిదేసి మంది చొప్పున 16 డ్యూటీలు, రెండు పూటల ఏరివేతకు అయిదుగురు చొప్పున 10, మూడు బండి ప్రయాణాలకు ఇద్దరిద్దరు చొప్పున 6. మొత్తం 32. ఒక్కొక్కరు రెండు వారాలకోసారి వస్తారనుకుంటే 64 మంది పేర్లు ఉండాలి. జ్వరాలు, పరీక్షలు, ప్రయాణాలు కలుపుకుంటే డెబ్బై అయిదుగురు. కొత్త సంస్థలు ముప్పై మందితో మొదలుపెట్టి, వాళ్లనే వారానికి రెండు మూడుసార్లు పిలుస్తూ, ఆరు నెలలకు సగం మందిని పోగొట్టుకుంటాయి.

పండుగల ముందు వాలంటీర్లు, సరుకు రెండూ వెల్లువలా వస్తాయి. తర్వాతి రెండు నెలలు రెండూ ఎండిపోతాయి. ఆ వెల్లువలో వచ్చినవారి పేర్లు తీసుకుని, ఖాళీ నెలలకు తేదీలు అప్పుడే ఖాయం చేసుకోవడం అనుభవమున్న సమన్వయకర్తలు చేసే పని. కంపెనీల నుంచి ఒక్కరోజు కోసం వచ్చే ఇరవై మంది జట్టు విషయంలో మాత్రం జాగ్రత్త. వాళ్లకు నేర్పడానికి, పర్యవేక్షించడానికి ఇద్దరు ముగ్గురు అనుభవజ్ఞులు రోజంతా పోతారు. తేదీ ప్రకారం అరలు సర్దడం, స్టాక్ లెక్కపెట్టడం లాంటి పెద్ద పని పోగుపడినప్పుడు పిలిస్తేనే లాభం. వద్దనలేక ప్రతి నెలా ఒప్పుకోవడం అసలు పనిని దెబ్బతీస్తుంది.

సమన్వయకర్త, ట్రస్టీలు

జీతమిచ్చి పెట్టుకునే మొదటి మనిషి సమన్వయకర్తే అవుతారు. డ్యూటీ చార్టు, దుకాణాలతో మాటలు, చీటీలిచ్చే సంస్థలతో సంబంధాలు, ఫిర్యాదులు, నివేదికలు అన్నీ అక్కడికే చేరతాయి. జీతం మీద ఖర్చు పెడితే దాతలు ముఖం చిట్లిస్తారన్న భయంతో చాలా సంస్థలు ఈ పోస్టును వాయిదా వేస్తాయి. అది తప్పుడు పొదుపు. రోజూ ఒకే మనిషి జవాబు చెప్పే చోటికి దుకాణాలు సరుకు ఇస్తాయి, జవాబు రాని చోటికి ఇవ్వవు. దానం చేసే సంస్థలకు చట్టపరమైన రక్షణ అమెరికాలో 1996 నుంచే ఉంది. ఫ్రాన్స్ 2016లో పెద్ద దుకాణాలు తినదగిన సరుకును పాడుచేయకుండా, దాన సంస్థలతో ఒప్పందం చేసుకునేలా చట్టం తెచ్చింది. భారత్‌లోనూ మిగులు ఆహారం పంపిణీకి 2019లో నిబంధనలు వచ్చాయి. ఇన్ని ఉన్నా, ఒప్పందం మీద సంతకం పెట్టి వారం వారం బండి పంపేవాళ్లు ఉంటేనే సరుకు కదులుతుంది.

ట్రస్టీలు వేరు. చట్టం ముందు సంస్థకు బాధ్యులు వాళ్లే. అద్దె, బండి, ఫ్రీజర్ల కరెంటు, బీమా, జీతం సరుకు దానంతో తీరవు. వాటికి డబ్బే కావాలి. మూడు నుంచి ఆరు నెలల ఖర్చు నిల్వలో ఉందా, ప్రతి చెల్లింపుకూ ఇద్దరి ఆమోదం ఉందా, బీమా వాలంటీర్ డ్రైవర్లకూ వర్తిస్తుందా అని అడగాల్సింది వాళ్లు. చిన్న సంస్థల్లో ట్రస్టీలే మంగళవారం సంచులు నింపుతారు. అందులో తప్పులేదు, కానీ ఆ పూట వాళ్లు పూట బాధ్యుడి కింద పనిచేసే వాలంటీర్లు. ట్రస్టీ హోదాలో ఏరే బల్ల దగ్గర నియమాలు మార్చేస్తే బాధ్యుడి మాటకు విలువ పోతుంది. స్థాపించిన మనిషి విషయంలో ఇది మరీ కష్టం. అందరూ ఆయన ముఖం చూస్తూ నిలబడతారు.

విస్తరణ దగ్గర ట్రస్టీల పరీక్ష మొదలవుతుంది. పక్క ఊళ్లో కేంద్రం తెరవమని, ఇంకో రోజు పంచమని అడిగినప్పుడు కాదనడానికి నోరు రాదు. అప్పుడు చూడాల్సింది డ్యూటీ చార్టు. గడిచిన మూడు నెలల్లో ఎనిమిది మంది కావాల్సిన పూటలు ఎన్ని అయిదుగురితో గడిచాయి? అవి నాలుగో వంతు దాటితే కొత్త కేంద్రం తెరవడమంటే ఉన్నదాన్ని కూడా సగం మూయడమే.

సమన్వయకర్తను ఏడాదికోసారి రెండు వారాలు సెలవు మీద పంపి, ఫోన్ చేయకుండా ఉండగలరేమో ట్రస్టీలు చూడాలి. ఆ రెండు వారాల్లో ఏం ఆగిపోయిందో అదే రాసిపెట్టాల్సిన జాబితా. సాధారణంగా తేలేవి ఇవి: రెండో తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియదు, సరుకిచ్చే దుకాణం మనిషి నంబరు సమన్వయకర్త సొంత ఫోన్‌లోనే ఉంది, ఫ్రీజర్ మరమ్మతు చేసే వ్యక్తి ఎవరో తెలియదు, ఆన్‌లైన్ డ్యూటీ చార్టు పాస్‌వర్డ్ ఒక్కరికే తెలుసు, చీటీలిచ్చే సంస్థల్లో రెండు కొత్త నంబర్లకు మారాయి. ఇవన్నీ ఒక ఫైలులోకి ఎక్కించి, ఒక ప్రతి గోదాములో, ఇంకొకటి కోశాధికారి దగ్గర ఉంచి, ఆరు నెలలకోసారి ఆ నంబర్లన్నిటికీ ఫోన్ చేసి పలుకుతున్నాయో లేదో చూడాలి.